గౌరీపట్నం నల్లరాయి, బెజవాడ పొగ: కార్బన్‌ని మన కాళ్ళ కింద దాచొచ్చా?

ఇవాళ్టి ఎపిసోడ్ కంకర దగ్గర మొదలవుతుంది. అవునండి, కంకరే. తాడేపల్లిగూడెంలోనో ఏలూరులోనో మీ వీధిలో రోడ్డు వేసేటప్పుడు ఒక పక్కన గుట్టగా పోస్తారు చూడండి. నల్లగా ఉంటుంది, అంచులు పదునుగా ఉంటాయి, పల్చటి చెప్పులేసుకుని నడిస్తే గుచ్చుకుంటుంది. ఆ నల్లరాయి.

ఏలూరు నుంచి రాజమండ్రి వైపు హైవే మీద వెళ్తుంటే గుండుగొలను, నల్లజర్ల దాటాక దేవరపల్లి వస్తుంది. అక్కడికి దగ్గర్లోనే గౌరీపట్నం. నిర్మలగిరి మాత గుడికి వెళ్ళినవాళ్ళకి బాగా తెలుసు. ఆ చుట్టుపక్కల, ఇంకా పంగిడి, దుద్దుకూరు వైపు క్వారీలు, క్రషర్లు వరసగా ఉంటాయి. పోయిన నెల అటు వెళ్ళినప్పుడు బండి ఆపి, రోడ్డు పక్కన లారీలోంచి జారిపడిన ముక్క ఒకటి జేబులో వేసుకున్నాను. వీడియోలో నా చేతిలో ఉన్నది అదే.

ఈ రాయి పేరు బసాల్ట్. ఇప్పుడు ప్రపంచంలో కొంతమంది సైంటిస్టులు, కొన్ని కంపెనీలు ఇలాంటి రాయి కోసమే వెతుకుతున్నారు. రోడ్డు వెయ్యడానికి కాదు. కరెంటు ప్లాంటు గొట్టంలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకుని, భూమి లోపల ఈ రాయిలోకి పంపి, దాన్ని కూడా రాయిలా మార్చెయ్యడానికి.

వినగానే "అబ్బో, అయితే మన జిల్లాకి లాటరీయే" అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. తర్వాత కూర్చుని లెక్క వేశాను. ఆ లెక్క, దాని వెనకున్న చరిత్ర, రెండూ ఇవాళ మీ ముందు పెడతాను.

ఈ రాయి ఎక్కడి నుంచి వచ్చింది?

సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం సంగతి. డైనోసార్లు పోయిన కాలం. అప్పుడు మన దేశం ఇంకా ఆసియాకి తగల్లేదు, సముద్రంలో ఉత్తరం వైపు కదులుతూ ఉంది. ఇప్పటి మహారాష్ట్రలో పడమటి కనుమలున్న చోట నేల పగుళ్ళిచ్చి లావా పొంగింది. మనం బొమ్మల్లో చూసే అగ్నిపర్వతంలా ఒక్క కొండ పేలడం కాదు. మైళ్ళ పొడుగున పగుళ్ళు, వాటిలోంచి వరదలా లావా. అలా పొర మీద పొర పడి ఏర్పడిందే దక్కన్ పీఠభూమి నల్లరాయి.

మరి ఆ రాయి గోదావరి ఒడ్డుకి ఎలా వచ్చింది? మధ్యలో వందల కిలోమీటర్ల దూరం ఉంది కదా. చాలాకాలం ఇది వాదనగానే ఉండేది. ఇక్కడే విడిగా లావా పొంగి ఉంటుందని కొందరన్నారు. తర్వాత రాయిలోని మూలకాల లెక్క, రాయి గడ్డకట్టినప్పుడు దానిలో ముద్ర పడిపోయిన అయస్కాంత దిశ, వయసు, ఇవన్నీ పోల్చి చూశారు. మహాబలేశ్వర్ ప్రాంతపు కొన్ని పొరలతో మన రాజమండ్రి రాయి సరిపోయింది. అంటే ఆ లావా అప్పటి నదీ లోయల వెంబడి దాదాపు 1000 కిలోమీటర్లు పారి, ఇక్కడి సముద్రపు ఒడ్డుకి చేరింది. 2008లో వచ్చిన ఒక పరిశోధనా పత్రం శీర్షికే ఒక ప్రశ్న: భూమి మీద ఇవేనా అన్నిటికన్నా పొడుగైన లావా ప్రవాహాలు? మన ఊరి కంకరకి ఉన్న పూర్వచరిత్ర అదండి.

అదే ఏడాది గెర్టా కెల్లర్ అనే ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ బృందం ఇంకో పత్రం రాసింది. రాజమండ్రి, గౌరీపట్నం చుట్టుపక్కల క్వారీల్లో రెండు లావా పొరల మధ్య ఇరుక్కున్న మట్టి, సున్నపు రాయి పొరలు వాళ్ళు చూశారు. అందులో సముద్రపు సూక్ష్మజీవుల శిలాజాలు దొరికాయి. డైనోసార్ల యుగం ముగిసిన వెంటనే పుట్టిన జీవులవి. అంటే ఒక లావా వచ్చింది, తర్వాత సముద్రం వచ్చి పోయింది, మళ్ళీ ఇంకో లావా వచ్చింది. ఇదంతా ఒకే క్వారీ గోడ మీద కనిపిస్తుంది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఆ లావా పొంగినప్పుడు దానితో పాటు బోలెడంత కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి వచ్చింది. భూమి వేడెక్కింది. తర్వాత లక్షల ఏళ్ళు వానల్లో నానుతూ, ఆ రాయే గాలిలోని కార్బన్‌ని మెల్లమెల్లగా వెనక్కి తీసుకుంది. బసాల్ట్‌కి కార్బన్‌ని పట్టుకోవడం కొత్త పని కాదు. మనం అడుగుతున్నది ఆ పని తొందరగా చెయ్యమని.

బొగ్గు కనిపెట్టినాయనే మన రాళ్ళకి పేర్లు పెట్టాడు

ఇప్పుడు ఒక మనిషి గురించి. విలియం కింగ్. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసిన ఐరిష్ జియాలజిస్టు. 1870ల మొదట్లో ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని తేల్చింది ఈయనే. అదే తర్వాత సింగరేణి అయింది. 1889లో అక్కడ బొగ్గు తీయడం మొదలైంది.

అదే కింగ్ గోదావరి జిల్లా అంతా తిరిగి 1880లో ఒక రిపోర్టు ఇచ్చాడు. అందులో ఇక్కడి రాతి పొరలకి ఇక్కడి ఊళ్ళ పేర్లే పెట్టాడు. గొల్లపల్లి ఇసుకరాయి, రాఘవాపురం షేల్, తిరుపతి ఇసుకరాయి. తిరుపతి అంటే ఏడుకొండలు అనుకునేరు, కాదు. మన చిన తిరుపతి, ద్వారకా తిరుమల. ఏలూరుకి ఉత్తరాన మెట్ట ఊళ్ళన్నీ ఇలా జియాలజీ పుస్తకాల్లోకి ఎక్కాయి.

వంద ఏళ్ళ తర్వాత, 1970ల చివరి నుంచి, ఓఎన్‌జీసీ నరసాపురం, రాజోలు, కైకలూరు వైపు లోతుగా బావులు తవ్వింది. లోపల దొరికిన పొరలకీ అలాగే పేర్లు పడ్డాయి. (స్క్రీన్ మీద బొమ్మ చూడండి.) డెల్టా కింద కిలోమీటర్ల లోతుకి దిగిన మన నల్లరాయి పొర పేరు రాజోలు ఫార్మేషన్. దాని మీద కప్పినట్టుండే బంకమట్టి రాయి పాలకొల్లు షేల్. ఇంకా పైన పాశర్లపూడి ఫార్మేషన్. గౌరీపట్నంలో మనకి పైకి కనిపించేది ఈ దుప్పటికి ఒక చిన్న అంచు మాత్రమే. అక్కడ దాని మందం కొన్ని పదుల మీటర్లు. దుప్పటి దక్షిణానికి, డెల్టా కిందకి, సముద్రం వైపు దిగిపోతుంది.

ఒకాయన చేత్తోనే బొగ్గూ బయటపడింది, కార్బన్‌ని దాచుకోగల రాళ్ళ మ్యాపూ మొదలైంది. ఆయనకి ఈ రెండో సంగతి కలలోకి కూడా వచ్చి ఉండదు.

అసలు లోపల దాచడం అంటే ఏంటి?

మొదట పట్టుకోవాలి. కరెంటు ప్లాంటు పొగలో కార్బన్ డయాక్సైడ్ పదిహేను శాతం లోపే ఉంటుంది, మిగతాది ఎక్కువ భాగం నైట్రోజన్. ఆ పొగని ఒక రసాయనంలోంచి పంపితే కార్బన్ డయాక్సైడ్ దానికి అంటుకుంటుంది. తర్వాత వేడి చేసి విడగొడతారు. ఈ పనికే ప్లాంటులో పుట్టిన కరెంటులో సుమారు ఐదో వంతు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ పోతుంది. ఈ లెక్క చాలామంది చెప్పరు.

తర్వాత గట్టిగా నొక్కి లోపలికి పంపాలి. సుమారు 800 మీటర్ల కన్నా లోతులో ఉండే ఒత్తిడికి, వేడికి అది గాలిలా కాకుండా ద్రవంలా చిక్కబడుతుంది, తక్కువ చోటులో పడుతుంది. పంపడానికి రెండు దారులున్నాయి.

మొదటిది ఇసుకరాయి దారి. ఇసుకరాయిలో సన్నటి ఖాళీలుంటాయి. గ్యాస్ తీసేసిన పాత బావులో, ఉప్పునీళ్ళున్న లోతు పొరలో వెతికి అందులోకి పంపుతారు. పైన షేల్ లాంటి మూత ఉండాలి. నార్వేలో స్లైప్నర్ అనే చోట 1996 నుంచి సముద్రం కింద ఇలా చేస్తున్నారు. ఏటా పది లక్షల టన్నుల దాకా పంపారు. వాళ్ళకి పర్యావరణం మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టి కాదండి, 1991లో వాళ్ళ ప్రభుత్వం కార్బన్ మీద పన్ను వేసింది. గాలిలోకి వదిలితే డబ్బు కట్టాలి, లోపల దాస్తే అక్కర్లేదు.

రెండోది బసాల్ట్ దారి. ఐస్‌లాండ్‌లో కార్బ్‌ఫిక్స్ అనే ప్రాజెక్టు 2012లో చేసి చూసింది. వాళ్ళు కార్బన్ డయాక్సైడ్‌ని నీళ్ళలో కలిపి పంపారు. గోలీసోడా ఎలా ఉంటుందో అలాగే. గోలీసోడా నాలుక మీద కాస్త చురుక్కుమంటుంది కదా, అది ఆమ్లం. ఆ ఆమ్లం బసాల్ట్‌లోంచి కాల్షియం, మెగ్నీషియం, ఇనుము కరిగిస్తుంది. అవి కార్బన్‌తో కలిసి గట్టిపడి సున్నపురాయి లాంటిది తయారవుతుంది. మీ ఇంట్లో బోరు నీళ్ళయితే గీజర్ రాడ్డుకి తెల్లగా పెచ్చు కడుతుంది చూడండి, దాదాపు అదే పదార్థం. పంపిన దాంట్లో 95 శాతం రెండేళ్ళ లోపే రాయి అయిపోయిందని 2016లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. అందరూ వందల ఏళ్ళు పడుతుందనుకున్నారు.

రెండు దారులకీ తేడా గుర్తుపెట్టుకోండి. ఇసుకరాయిలో కార్బన్ చాలాకాలం కార్బన్ డయాక్సైడ్‌గానే ఉంటుంది, కాబట్టి మూత పనిచేస్తూ ఉండాలి, ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. బసాల్ట్‌లో రాయి అయిపోయాక ఇంక కాపలా అక్కర్లేదు. రాయి ఎక్కడికీ పారిపోదు.

ఇక మన లెక్క

బీటెక్ చదివినందుకు ఈ ఒక్క లెక్కయినా చేద్దాం. కృష్ణ ఒడ్డున ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ ప్లాంటు ఉంది. అందరూ విజయవాడ థర్మల్ అంటారు. 1979లో మొదలైంది. మొదటి ఏడు యూనిట్లు కలిపి 1760 మెగావాట్లు. తర్వాత కట్టిన 800 మెగావాట్ల యూనిట్‌ని పక్కన పెడదాం. ఏడాదిలో 70 శాతం సామర్థ్యంతో నడిచిందనుకోండి, 1000 కోట్ల యూనిట్ల పైన కరెంటు వస్తుంది. బొగ్గు కరెంటు యూనిట్‌కి సుమారు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్. అంటే ఏడాదికి దాదాపు కోటి టన్నులు.

కోటి టన్నులంటే స్లైప్నర్ లాంటివి పది కావాలి, ఒక్క ప్లాంటుకి.

ఇప్పుడు కార్బ్‌ఫిక్స్ పద్ధతి. ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌కి సుమారు 25 టన్నుల నీళ్ళు కావాలి. కోటి టన్నులకి 25 కోట్ల టన్నులు, అంటే 25 కోట్ల ఘనపు మీటర్లు. మనకి అలవాటైన భాషలో సుమారు 9 టీఎంసీలు. ప్రకాశం బ్యారేజీలో నిండా నీళ్ళుంటే 3 టీఎంసీలు. అంటే ఏటా మూడు ప్రకాశం బ్యారేజీల నీళ్ళు భూమిలోకి పంపాలి.

ఈ నీళ్ళు ఎక్కడివి? కృష్ణా డెల్టా చివరి ఆయకట్టుకి నీళ్ళందక రైతులు ధర్నాలు చెయ్యడం మీరు ఎన్నిసార్లు చూశారు? కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు తగ్గినప్పుడు ఉప్పుటేరు మీదుగా సముద్రపు నీళ్ళు వెనక్కి ఎక్కుతాయి. మంచినీళ్ళు ఒక్క టీఎంసీ కూడా ఇక్కడ ఊరికే పడిలేదు.

దీనికి జవాబులు లేకపోలేదు. సముద్రపు నీళ్ళతో చెయ్యొచ్చా అని ఐస్‌లాండ్ వాళ్ళు చూస్తున్నారు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని వలూలా దగ్గర 2013లో నీళ్ళు కలపకుండానే సుమారు 1000 టన్నులు బసాల్ట్‌లోకి పంపారు. రెండేళ్ళ తర్వాత తవ్వి తీసిన రాతి ముక్కల్లో కొత్త కార్బనేట్ ఖనిజాలు కనిపించాయి. కానీ నీళ్ళు కలపకపోతే, గట్టిపడేదాకా పైన మూత కావాల్సిందే. ఇంకోటి, ఐస్‌లాండ్ బసాల్ట్ చాలా కుర్రది, దాని నిండా ఖాళీలే. మనది 6.6 కోట్ల ఏళ్ళ ముసలి రాయి. దానిలో చాలా రంధ్రాలు పాత ఖనిజాలతో ఎప్పుడో పూడుకుపోయి ఉంటాయి. ఎంత పడుతుందో బావి తవ్వి, కొంచెం పంపి చూస్తేగానీ తేలదు.

"మా బోరు నీళ్ళు గోలీసోడా అయిపోవూ?"

ఈ ఎపిసోడ్ రాసుకుంటూ ఆకివీడు దగ్గరున్న మా మావయ్యకి ఫోన్ చేశాను. ఆయనవి చేపల చెరువులు. మొత్తం విని ఒక్కటే అడిగాడు. "ఒరే అబ్బాయ్, అదంతా లోపలికి తోస్తే మా బోరు నీళ్ళు గోలీసోడా అయిపోవూ?"

నేను నవ్వాను. తర్వాత ఆలోచిస్తే, ప్రపంచంలో ఈ పని చేసే ప్రతి ఇంజినీరుకీ ఎదురయ్యే మొదటి ప్రశ్న అదే.

సూటిగా చెప్పాలంటే, సరిగ్గా చేస్తే అవ్వవు. మన తాగునీటి బోర్లు మహా అయితే వంద, రెండొందల మీటర్లు. ఇది పంపేది దానికి చాలా రెట్లు లోతులో, మధ్యలో గట్టి షేల్ పొరలుంటాయి. సరిగ్గా చెయ్యకపోతే మాత్రం, పాత బావి సిమెంటు పగుల్లోంచి పైకి వచ్చి, నీటి పొరలో కలిసి, దాన్ని పుల్లగా మార్చి, మట్టిలో ఉన్న లోహాల్ని నీళ్ళలోకి దించే ప్రమాదం ఉంది.

మావయ్య రెండో ప్రశ్న కూడా అడిగాడు. "అది బయటికొస్తే పేలుద్దా?" పేలదు, మావయ్యా. మండదు కూడా. కానీ గాలి కన్నా బరువు, పల్లంలో పేరుకుంటుంది. 1986 ఆగస్టు 21న ఆఫ్రికాలో కామెరూన్ దేశంలోని న్యోస్ చెరువు అడుగున సహజంగా పోగుపడిన కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారిగా పైకి వచ్చి 1,700 మందికి పైగా నిద్రలోనే చనిపోయారు. కొల్లేరులో అలా జరగదు. న్యోస్ 200 మీటర్లు పైగా లోతు, అడుగున గ్యాస్ ఏళ్ళ తరబడి అణిగి ఉంది. కొల్లేరు చాలాచోట్ల మనిషి లోతు కూడా ఉండదు. అయితే పైపులైను సంగతి వేరు. 2020 ఫిబ్రవరి 22న అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం సతార్షియా అనే చిన్న ఊరి దగ్గర వానలకి నేల జారి కార్బన్ డయాక్సైడ్ పైపులైను తెగింది. ఆక్సిజన్ అందక కార్ల ఇంజన్లు ఆగిపోయాయి. 45 మంది ఆస్పత్రిపాలయ్యారు. ఎవరూ చనిపోలేదు. ఇబ్రహీంపట్నం నుంచి డెల్టా దాకా పైపులైను వేస్తే అది ఎన్ని ఊళ్ళ పక్క నుంచి వెళ్తుందో మ్యాప్ మీద ఒకసారి వేలు పెట్టి చూడండి.

పాశర్లపూడి గుర్తుందా?

మా వయసు వాళ్ళకి గుర్తుండదు, అమ్మానాన్నల్ని అడగండి. 1995 జనవరి 8న కోనసీమలో పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ తవ్వుతున్న 19వ నంబరు బావి అదుపు తప్పింది. గ్యాస్ ఎగదన్ని అంటుకుంది. విదేశాల నుంచి నిపుణుల్ని పిలిపించి మార్చి 15 నాటికి ఆర్పారు. 65 రోజులు మండింది. రాత్రిపూట చాలా దూరం ఊళ్ళ నుంచి కూడా ఆ వెలుగు కనిపించేదని పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

అది మీథేన్, కార్బన్ డయాక్సైడ్ కాదు. గ్యాస్ తియ్యడానికి తవ్విన బావి, దాచడానికి కాదు. రెండూ ఒకటే అని భయపెట్టడం నాకు ఇష్టం లేదు. కానీ అదే పాశర్లపూడి పేరు మీద ఒక రాతి పొర ఉంది, అది మన పుస్తకాల్లో "నమ్మకమైన పొర" లాగే కనిపిస్తుంది. రాయి తప్పు చెయ్యలేదు. ఒత్తిడి ఉన్న చోట మనం పెట్టిన కన్నం దగ్గరే తేడా వచ్చింది. ఈ డెల్టాలో నలభై ఏళ్ళకి పైగా తవ్విన బావులు చాలా ఉన్నాయి. గ్యాస్ అయిపోయిన పొరల్లో కార్బన్ దాచాలంటే మొదట ఆ పాత బావులన్నీ ఒక్కొక్కటీ వెతికి, సిమెంటు సరిగ్గా ఉందో లేదో చూడాలి.

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. కొత్త సిస్టమ్ కట్టడం సులువు, అందరూ ఫొటోలు దిగుతారు. కట్టినవాళ్ళు వేరే కంపెనీకి వెళ్ళిపోయాక అర్ధరాత్రి అలారం మోగితే ఫోన్ ఎత్తేది ఎవరు? అసలు సమస్య అక్కడ.

కొల్లేరు మనకి నేర్పిన ముప్పై ఏళ్ళు

ఈ ప్రశ్నకి జవాబు కొల్లేరు చరిత్రలో ఉందని నాకనిపిస్తుంది.

1970ల మధ్యలో ప్రభుత్వమే కొల్లేరు జనానికి సహకార సంఘాలు పెట్టించి, సరస్సులో చేపల చెరువులు తవ్వించింది. బతుకుతెరువు అంది. తర్వాత ఆ చెరువులు చిన్నోళ్ళ చేతుల్లోంచి పెద్దోళ్ళ చేతుల్లోకి వెళ్ళాయి, సరస్సు గట్లతో ముక్కలైపోయింది. 1999లో ప్రభుత్వమే 120వ నంబరు జీవోతో +5 కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లని పక్షుల అభయారణ్యం అంది. 2002లో అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువు గట్లు పేల్చేశారు. 2014లో అసెంబ్లీ మళ్ళీ, దీన్ని +3 కాంటూరుకి తగ్గించాలని తీర్మానం చేసింది.

ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అనేది ఇవాళ్టి సంగతి కాదు. తేదీలు మాత్రం చూడండి. చెరువులు తవ్వించిన దగ్గర్నుంచి పేల్చేదాకా ముప్పై ఏళ్ళు. ఒకే చోటు గురించి, అందరి కళ్ళ ముందు ఉన్న నీళ్ళ గురించి, ముప్పై ఏళ్ళలో నిర్ణయం పూర్తిగా తిరగబడింది. కింద కిలోమీటరు లోతులో, ఎవరికీ కనబడని దాని గురించి వంద ఏళ్ళు గుర్తుపెట్టుకుంటామా?

యూరప్‌లో 2009లో దీనికి ఒక చట్టం చేశారు. పంపడం ఆపాక కంపెనీ కనీసం 20 ఏళ్ళు చూసుకోవాలి, తర్వాతే ప్రభుత్వానికి అప్పగించాలి. అమెరికాలో మామూలుగా 50 ఏళ్ళు కనిపెట్టుకుని ఉండాలనే నిబంధన ఉంది. మన దేశంలో నీతి ఆయోగ్ 2022 నవంబరులో ఒక విధానపు రిపోర్టు ఇచ్చింది. ఎన్‌టీపీసీ అదే ఏడాది వింధ్యాచల్ ప్లాంటులో రోజుకి 20 టన్నులు పట్టుకునే చిన్న యూనిట్ పెట్టింది. 2025లో జార్ఖండ్‌లోని పక్రి బర్వాడీహ్ గని ప్రాంతంలో కార్బన్ దాచడానికని బావి తవ్వడం మొదలుపెట్టింది. మన హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ సైంటిస్టులు దక్కన్ బసాల్ట్ మీద 2000ల నుంచే పనిచేస్తున్నారు. కానీ యాభై ఏళ్ళ తర్వాత లీకైతే బాధ్యత ఎవరిది అని చెప్పే ప్రత్యేక చట్టం మాత్రం ఇంకా లేదు.

అందుకే, ఏ రాయిని ఎంచుకుంటాం అనేది సైన్స్ ప్రశ్న ఒక్కటే కాదు. ఇసుకరాయిని ఎంచుకుంటే తక్కువ ఖర్చు, తక్కువ నీళ్ళు, కానీ తరతరాల కాపలా. బసాల్ట్‌ని ఎంచుకుంటే కాపలా కొన్నేళ్ళే, కానీ నీళ్ళు విపరీతం. మనకి నీళ్ళూ తక్కువే, కాపలా అలవాటూ తక్కువే. ఈ రెండిట్లో ఏది పెంచుకోగలమో ముందు తేల్చుకోవాలి. సముద్రపు నీళ్ళతో బసాల్ట్ దారి కుదిరితే ఇలాంటి తీరానికి అదే సరిపోతుందేమో అని నా ఆశ. కానీ ఆశ మీద పైపులైను వెయ్యలేం కదా.

ఇంకో మాట. కోటి టన్నులు పట్టుకుని దాచడం కన్నా, ఆ కోటి టన్నులు పుట్టకుండా చూడటం చౌక. కరెంటుకి సోలార్ ఉంది, గాలి ఉంది. సిమెంటుకి మాత్రం సున్నపురాయి కాల్చాల్సిందే, కార్బన్ రావాల్సిందే. లోపల దాచే చోటు ఏమైనా ఉంటే ముందు అలాంటి వాటికి ఇవ్వాలి, పాత బొగ్గు ప్లాంటు ఇంకో ముప్పై ఏళ్ళు నడపడానికి సాకుగా కాదు.

ఎప్పుడో ఒక రోజు మన దగ్గర ఏదో ఒక పంచాయతీ ఆఫీసు ముందు టెంటు వేసి ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు. ముందు వరసలో కుర్చీలు నాయకులకి, మైకు కలెక్టర్ గారి ముందు. ఆ రోజు మీరు వెళ్తే మూడు ప్రశ్నలు అడగండి. నీళ్ళు ఎక్కడివి, ఎన్ని టీఎంసీలు? చుట్టుపక్కల పాత బావులు ఎన్ని, ఎవరు చూశారు? కంపెనీ వెళ్ళిపోయాక మా బోరు నీళ్ళు ఎవరు పరీక్ష చేస్తారు, ఎన్నేళ్ళు, ఆ డబ్బు ఇప్పుడే ఎక్కడ జమ చేశారు?

మూడిటికీ జవాబు చెప్పినవాళ్ళకి అడ్డం పడక్కర్లేదు. చెప్పలేనివాళ్ళకి ఈ రాయి చూపించి, మళ్ళీ రమ్మనండి. ఇది 6.6 కోట్ల ఏళ్ళు ఆగింది, ఇంకో రెండేళ్ళు ఆగుతుంది.

ఈ ముక్క మా ఇంట్లో టేబుల్ మీదే ఉంటుంది. మీ ఊరి పేరు మీద రాతి పొర ఉందేమో కామెంట్లో రాయండి, చూసి చెప్తాను. పాశర్లపూడి మంటలు చూసినవాళ్ళు ఇంట్లో ఎవరైనా ఉంటే వాళ్ళ మాటల్లో రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాను. ఉంటానండి.